గాబెస్ నలభై ఒకటి

తడి రవ్వను అరచేతులతో కుస్‌కుస్ గింజలుగా రుద్దుతున్నప్పుడు ఫోన్ మోగినా ఎత్తకూడదన్నది అత్తగారు జొహ్రా పెట్టిన నియమం. చేతులు ఆగితే రవ్వ ముద్ద కడుతుందట. ఫోన్ చేసింది ఆవిడ కొడుకైతే మాత్రం కట్టదు.

"మొందెర్ చేస్తున్నాడు, ఎత్తవే. శనివారం కూడా ఆఫీసుకి పోయి చాకిరీ చేస్తున్నాడు పాపం."

నజ్లా తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. పొద్దున్న ఆరింటి నుంచీ నేల మీద కూర్చుని ఏడాదికి సరిపడా రవ్వ రుద్దుతూనే ఉంది. నడుము పట్టేసింది. ఐదు రోజులు ఆఫీసు, తక్కిన రెండు రోజులు ఈ రవ్వ పళ్లెం. మొగుడూ పెళ్లాలిద్దరూ స్ఫాక్స్ నగరంలో ఒకే కంపెనీలో ఇంజనీర్లు. ఆ ఇంట్లో "పాపం" అన్న మాట మాత్రం ఒక్కరికే వస్తుంది.

"కొంప మునిగింది నజ్లా!" అన్నాడు మొందెర్. "గిడ్డంగి తెర మీద పిచ్చి పిచ్చి ఆర్డర్లు పడుతున్నాయి. భయపడి బండ్లన్నీ ఆపేశారు. ఇన్సులిన్ పెట్టెలతో ఆరు బండ్లు ఎండలో నిలబడి ఉన్నాయి. నువ్వు లాప్‌టాప్ తెరువు, ముందు తెరువు."

"ఏం చేశావు?"

"నీ కాగితంలో ఉన్నదే చేశాను."

ఆ కాగితం నజ్లా రాసిందే. వాళ్ల కంపెనీ మందుల దుకాణాలకు మందులు చేరవేస్తుంది. ఈ వసంతంలో గాబెస్ ఊళ్లో అదే పని చేసే చిన్న కంపెనీని కొనేసింది. దుకాణం నుంచి గిడ్డంగికీ, గిడ్డంగి నుంచి బండికీ కంప్యూటర్ల మధ్య రోజంతా సందేశాలు పారుతూ ఉంటాయి. ప్రతి సందేశం నెత్తిన ఒక అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె ఏ స్కీమాదో, అంటే లోపల ఏ గడిలో ఏముందో, స్కీమాలన్నీ దాచి ఉంచే రిజిస్ట్రీని అడిగి తెలుసుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే రెండు కంపెనీలూ అంకెలను ఒకటి నుంచే మొదలుపెట్టుకున్నాయి. స్ఫాక్స్‌లో నలభై ఒకటి అంటే దుకాణం ఆర్డరు. గాబెస్‌లో నలభై ఒకటి అంటే బండిలోని చల్లపెట్టె ఎన్ని డిగ్రీలుందో చెప్పే స్కీమా. గాబెస్ వాళ్లవి తీసేసి మనవే వాడమంటే సరిపోతుందని పెద్దవాళ్లన్నారు. మూడు నెలలు కూర్చుని, ఎవరి అంకెలూ మార్చకుండా, ఎవరివీ తీసేయకుండా దారి వెతికింది నజ్లా. రిజిస్ట్రీలో కాంటెక్స్ట్‌లని ఉంటాయి. ఒక్కో కాంటెక్స్ట్ దాని లోకం దానిది. ఇక్కడి నలభై ఒకటికీ అక్కడి నలభై ఒకటికీ తగాదా ఉండదు. స్కీమా పేరుకి ముందు చుక్కల మధ్య కాంటెక్స్ట్ పేరు తగిలిస్తే చాలు. తగిలించకపోతే మాత్రం అది అందరూ పడేసే ఉమ్మడి కుప్పలోకి పోతుంది. గాబెస్ స్కీమాలు అరవై మూడు. ఆర్డర్లవి ఒక కాంటెక్స్ట్, చల్లబండ్లవి ఒకటి, జీతాలవి ఒకటి అని విడదీసి, ఒక్కోదాని ముందూ దాని కాంటెక్స్ట్ పేరు రాసి జాబితా తయారుచేసింది. పిల్ల జ్వరంతో ఒళ్లో పడుకున్నప్పుడు రాసింది కొంత, ఇంటి పనులు ఒక్కొక్కటీ దింపుకుంటూ రాసింది కొంత.

రెండు కంపెనీలూ కలిశాక వచ్చే కొత్త విభాగానికి అధిపతిని వేస్తారనీ, ఈ పని ఎవరు చక్కబెడితే వాళ్లకే ఆ కుర్చీ అనీ తెలిసిన రోజు మొందెర్ ఆ కాగితం అడిగాడు. "నేను చూపిస్తాలే. నువ్వు మాట్లాడితే కంగారు పడతావు," అన్నాడు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లూ పరీక్ష ముందు రోజు నజ్లా దగ్గరే పాఠం చెప్పించుకున్న మనిషి. "ఎవరు చూపిస్తే ఏముంది? నీదీ నాదీ అని మన మధ్యేమిటి?" అన్నాడు. అత్తగారు కూడా అందుకుంది: "వాడి పేరైతేనేం, నీ పేరైతేనేం, ఇల్లొక్కటే కదమ్మా." అంట్లు తోమేటప్పుడు ఆ ఇల్లొక్కటే అన్న మాట ఎవరికీ గుర్తు రాదు. నజ్లా ఊరుకుంది. వాదించడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా.

లాప్‌టాప్ వంటింటి బల్ల మీద పెట్టి తెరిచింది. చూసీ చూడగానే అర్థమైపోయింది. అరవై మూడింటికీ ముందున్న కాంటెక్స్ట్ పేర్లు లేవు. అన్నీ ఉమ్మడి కుప్పలో పడి, కొత్త అంకెలు తెచ్చుకుని కూర్చున్నాయి. బండ్లు మాత్రం పాత అంకెతోనే కేకేస్తున్నాయి. చల్లపెట్టెలో ఎనిమిది డిగ్రీలు అని బండి చెబితే, ఎనిమిది పెట్టెల ఆర్డరు అని గిడ్డంగి చదువుకుంటోంది.

"పేర్ల ముందు రాసినవి ఏమయ్యాయి మొందెర్?"

"ఆ చుక్కలూ గీతలా? డైరెక్టర్లకి చూపించే దాంట్లో అసహ్యంగా ఉన్నాయని తీసేశాను. ఇవాళ ఆ జాబితానే ఎక్కించాను. కాంటెక్స్ట్‌లు నువ్వు ముందే సృష్టించి ఉంచావనుకున్నా."

"ముందు సృష్టించేదేం ఉండదు. ఆ పేరుతో మొదటి స్కీమా రాస్తేనే కాంటెక్స్ట్ పుడుతుంది. మూడుసార్లు చెప్పాను."

"సర్లే, పాఠం తర్వాత."

అతను చూపించిన జాబితా తెరిచింది. నున్నగా, అందంగా ఉంది. కింద తన పేరున్న చోటు కూడా నున్నగానే ఉంది. ఆ చుక్కల్ని తీసేసిన చేత్తోనే తననీ తీసేశాడు. చెడ్డవాడై కాదు. రెండూ అతని కంటికి అడ్డంగా కనిపించాయి, అంతే. అదే ఎక్కువ బాధపెట్టింది. కక్ష కట్టి చేసుంటే కోపమైనా వచ్చేది.

"రవ్వ ముద్ద కడుతోందే," అంది అత్తగారు.

"మీరు రుద్దండి అత్తయ్యా."

జొహ్రా పళ్లెం తన వైపు లాక్కుంది. కోడలి నోట ఆ మాట రావడం పదకొండేళ్లలో ఇదే మొదలు.

ఇన్సులిన్ ఎండలో ఉంది. ఎవరి మీద అలిగినా ఆ పెట్టెల మీద అలగడం నజ్లా వల్ల కాదు. ముందు బండ్లను నీడకి జరపమని డ్రైవర్లకి కబురు పెట్టించింది. చల్లబండ్ల స్కీమాలను వాటి కాంటెక్స్ట్‌లోకి పాత అంకెలతోనే రాసింది. తర్వాత ఆర్డర్లవి, తర్వాత జీతాలవి. గిడ్డంగి కంప్యూటర్‌కి ఎవరి సందేశాన్ని ఏ కాంటెక్స్ట్‌లో వెతకాలో చెప్పింది. దొంగ ఆర్డర్లు కొట్టేసి, ఉమ్మడి కుప్పలో పడ్డవాటిని ఏరి పారేసింది. ఒంటిగంటకి తెర మీద గాబెస్ నలభై ఒకటి, చల్లపెట్టె, ఐదు డిగ్రీలు అని సరిగ్గా కనిపించింది. బండ్లు కదిలాయి.

"నువ్వు బంగారానివి," అన్నాడు మొందెర్ ఫోన్‌లో. గొంతులోకి ప్రాణం వచ్చేసింది. "సాయంత్రంలోగా ఆ ప్రమాద నివేదిక కూడా పంపెయ్. గాబెస్ వాళ్ల జాబితాలోనే తప్పుందని రాయి. ఆ వాజ్దీ ఎలాగూ నెలాఖరుకి కంపెనీ వదిలి పోయేవాడే."

వాజ్దీ గాబెస్ ఇంజనీరు. అరవై మూడు స్కీమాల్లో ఏది దేనికో ఓపిగ్గా విడమరిచి చెప్పిన మనిషి. ఈ మూడు నెలల్లో ఉత్తరం చివర "థాంక్స్ నజ్లా" అని రాసింది అతనొక్కడే.

నివేదికలో నాలుగు గడులున్నాయి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రూపకల్పన ఎవరిది, సరిచేసింది ఎవరు. ఇన్నేళ్లలో ఇలాంటివి ఇరవై రాసి ఉంటుంది. చివరి రెండు గడుల్లో మొందెర్ పేరు చెయ్యి తనంతట తనే రాసేసేది. ఈసారి చెయ్యి ఆగింది. జరిగింది జరిగినట్టు రాసింది. కాంటెక్స్ట్ పేర్లు తీసేసిన జాబితాను మొందెర్ ఎక్కించాడని రాసింది. తన అసలు కాగితాన్ని తారీఖుతో సహా జతచేసింది. రూపకల్పన నజ్లా. సరిచేసింది నజ్లా. రాశాక ఏదో సాధించినట్టేమీ అనిపించలేదు. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో గిన్నె కింద పెట్టినా పెద్ద చప్పుడవుతుందని తెలుసు. పడుకుంటే బాగుండునని మాత్రం అనిపించింది. అయినా పంపేసింది. ఆ వెంటనే ఇంకో ఉత్తరం కూడా పంపింది.

పది నిమిషాలకి మళ్లీ ఫోన్.

"ఏంటిది నజ్లా? డైరెక్టర్లందరికీ పోయింది!"

"అందరికీ పోవాల్సిందే కదా."

"నా పరువేం కాను? మనం మనం చూసుకునేదానికి..." అతని గొంతు తగ్గింది. "ఇది చూశాక సోమవారం ఆ కుర్చీ నాకెవడిస్తాడు?"

అత్తగారు రవ్వ రుద్దడం ఆపి ఇటే చూస్తోంది.

"ఇవ్వరేమో," అంది నజ్లా. "నేనూ దరఖాస్తు పెట్టాను."