గోడమీద బుట్ట

బసవమ్మ చేసిన తప్పల్లా ఒక్కటే. ఎంపీటీసీ ఎన్నికల వేళ ఇంటి ప్రహరీగోడకి వెల్ల వేయించింది.

కూతురు ఉషశ్రీ పెళ్లి వచ్చే వారమే. పెళ్లివారి గోడకి వెల్ల వేయడం ఎక్కడైనా మామూలే. కానీ జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టుకి వెళ్లే దారిలో ఉన్న వాళ్ల ఊరి తీరే వేరు. అక్కడ ఎన్నికలొస్తే పార్టీలవాళ్లు ముందు గోడకి వెల్ల వేస్తారు, ఆరాక ‘ఈ గోడ మాది’ అని రాస్తారు, ఆ తర్వాతే జెండా, గుర్తు గీస్తారు. అంచేత కొత్తగా తెల్లబడ్డ గోడ కనబడిందంటే అవతలివాడు దాన్ని పట్టేశాడనే అర్థం. కిందటిసారి పాలకేంద్రం గోడ కోసం తలకాయలు పగిలి, ఓట్లు లెక్కపెట్టేదాకా ఊళ్లో పోలీసులు మకాం వేశారు.

ఇంకేముంది, తెల్లారేసరికి బసవమ్మ గోడకి ఆ కొసన గొడుగు, ఈ కొసన నిచ్చెన, వాటి పక్కన వాటి జెండాలు ప్రత్యక్షమయ్యాయి. రెండూ గీసింది పెయింటర్ స్టీవెనే. ఎవరు పిలిచినా వెళ్తాడు, ఎవరితోనూ వాదించడు.

గొడుగు పార్టీ అభ్యర్థి భవానీప్రసాద్, బసవమ్మకి సొంత అన్న. నిచ్చెన పార్టీ అభ్యర్థి జగన్నాథరావు, చనిపోయిన ఆమె భర్తకి అన్న. ఇద్దరూ మాట్లాడుకుని ఏళ్లయింది.

“ఆ నిచ్చెన అక్కడున్నంతకాలం నీ గడప తొక్కను చెల్లాయ్,” అన్నాడు అన్న.

“గోడమీద గొడుగు పెట్టుకుని నన్ను పెళ్లికెట్లా పిలుస్తున్నావమ్మా?” అన్నాడు బావగారు.

మేనమామ రాకపోతే పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేదెవరు? తండ్రి లేని పిల్లకి పెదనాన్న కాకపోతే పీటలమీద కూర్చుని కన్యాదానం చేసేదెవరు? పోనీ వేరేవాళ్లతో కానిద్దామన్నారు చుట్టాలు. ఆ మాటకి బసవమ్మకి ఏడుపొచ్చింది. దాని వెనకే ఒళ్లు మండుకొచ్చింది.

“స్టీవెనూ, రెండూ చెరిపెయ్,” అంది. “గోడ నాది, పెళ్లి నా కూతురిది. పెళ్లిబుట్ట గీసి, కింద పిల్ల పేరూ పిల్లాడి పేరూ రాయి.”

“అట్లాగేనమ్మా,” అన్నాడు స్టీవెన్.

మళ్లీ వెల్ల వేసి, గేటు పక్కన ఇంత పెద్ద బుట్ట గీశాడు. కింద ఎర్రరంగుతో మూరెడు అక్షరాల్లో ‘ఉషశ్రీ’ అని రాశాడు. పెళ్లికొడుకు పేరు మొదలుపెట్టే లోపు నందిగామ నుంచి ఫోను. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడట, బోర్డు అర్జంటట. “మిగతాది రేపు రాస్తానమ్మా,” అని బండెక్కి పోయాడు.

మధ్యాహ్నానికి ఊరు ఊగిపోయింది. ఉషశ్రీ ఇండిపెండెంటుగా నిలబడుతోందట, గుర్తు బుట్టట. నందిగామ కాలేజీలో లెక్చరరాయె, సగం ఊరి పిల్లలకి పాఠాలు చెప్పిందాయె, ఎందుకు గెలవదు అన్నారు టీకొట్టు దగ్గర. ఆ కబురు జగ్గయ్యపేట దాకా వెళ్లి, ప్రచారానికి ఆటోలు కూడా మాట్లాడేశారన్న వార్తై తిరిగొచ్చింది. బుట్ట నెత్తిన పెట్టుకుని దొండకాయలమ్మే ఆరోగ్యమ్మని ఆపి, “నువ్వు కూడా ఉషమ్మ తరఫునేనా?” అని అడిగారు. దొండకాయలన్నీ అమ్ముడుపోయేదాకా ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

పెళ్లిబుట్ట చూసి పెళ్లి గుర్తురాని మహానుభావులు ఆ చుట్టుపక్కల ఆ ఊళ్లోనే ఉంటారు. ఎన్నికలొచ్చాక గోడమీద గీసిందల్లా వాళ్ల కంటికి పార్టీ గుర్తే.

మర్నాడు పొద్దున్నే ఇంటిముందు నిచ్చెన జెండా కట్టిన కారు ఆగింది. జగన్నాథరావు లోపలికొచ్చి కూర్చున్నాడు. అంతలో పెరటి గుమ్మంలోంచి భవానీప్రసాద్ వచ్చాడు. ఒకర్నొకరు చూసుకుని చెరో గోడవైపు తిరిగారు. బసవమ్మకి మాత్రం కాళ్లు నేలమీద ఆనలేదు. పెళ్లికొచ్చారు, నా వాళ్లు వచ్చారు అనుకుంటూ వంటింట్లోకి పరిగెత్తి, కాఫీలో పంచదార రెండుసార్లు వేసింది.

“చెప్పమ్మా, ఏం చేస్తే విత్‌డ్రా అవుద్ది?” అన్నాడు జగన్నాథరావు.

“ఏంటండీ విత్‌డ్రా అయ్యేది?”

“మన పిల్ల. చుట్టాల ఓట్లన్నీ చీలిపోతే నేనేమైపోవాలి?”

“నేను మాత్రం ఏమైపోవాలి?” అన్నాడు భవానీప్రసాద్ గోడతో.

బసవమ్మ నోరు తెరిచింది. ఉషశ్రీ తల్లి కాలు తొక్కింది. విషయం అర్థమై, నవ్వాపుకోలేక ముఖమంతా ఎర్రబడిపోయింది ఆ పిల్లకి.

“నేను గెలుస్తానంటారా పెదనాన్నా?”

“నువ్వు గెలవడం కాదే, మమ్మల్ని ముంచుతావు,” అన్నాడు భవానీప్రసాద్.

“ఆలోచిస్తా మావయ్యా. మా కార్యకర్తల్ని కూడా అడగాలిగా.”

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర్నుంచి స్టీవెన్ కేకేశాడు. “అమ్మా, పెళ్లికొడుకు పేరు నవీన్‌బాబేనా? ఇంటిపేరు కూడా రాయాలా?”

భవానీప్రసాద్ గేటు దాకా వెళ్లి, గోడమీది బుట్ట చూసి వచ్చాడు.

“పెళ్లిబుట్టా అది?”

“ఆ బుట్ట చూస్తే మీ ఇద్దరికీ ఓట్లు గుర్తొచ్చాయి,” అంది బసవమ్మ. “పిల్ల గుర్తు రాలేదు.”

జగన్నాథరావు కాఫీ గ్లాసు కింద పెట్టి తల దించుకున్నాడు. అలాంటి మాట ఆయన్ని ఏ మైకులోనూ ఎవరూ అనలేదు.

“బుట్ట తెప్పించావా?” అని మెల్లిగా అడిగాడు భవానీప్రసాద్.

“నేనెట్లా తెప్పిస్తా అన్నయ్యా? మేనమామ తేవాలిగా.”

ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. “పేటలో అల్లేవాళ్లున్నారు. మంచి వెదురుది చెప్పి రావాలి.”

“కారుంది, పద బామ్మర్దీ,” అన్నాడు జగన్నాథరావు. “నువ్వొక్కడివే వెళ్తే తేలికగా ఉందని చిన్నది తెస్తావు.”

డ్రైవరు నిచ్చెన జెండా తీసెయ్యబోయాడు. “ఉండనీరా, ముందు బండి తియ్యి, మా చెల్లాయ్ కోపంగా ఉంది,” అంటూ గొడుగు పార్టీ అభ్యర్థి ముందుసీట్లో ఎక్కి కూర్చున్నాడు. కారు టీకొట్టు దాటేసరికి భవానీప్రసాద్ పార్టీ మారాడన్న కబురు ఊరంతా పాకిపోయింది. గేటు దగ్గర కూతురి భుజంమీద వాలిపోయి బసవమ్మ కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక కూడా ఆ నీళ్లు తుడుచుకోలేదు.