ఉప్పు మూట

ముప్పై ఏళ్లు ముక్తేశ్వరంలో కొబ్బరికాయలు ఒలిచాను. నేలలో పాతిన గునపం మీద కాయను పొడిచి తిప్పడం నా పని. సాయంత్రానికి కుడి భుజం రెక్క పట్టేసేది. నా భార్య సత్యవాణి కల్లుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి వీపు మీద అద్దేది. నాకు కాలకుండా ముందు తన బుగ్గకు ఆనించి చూసుకునేది. తర్వాత కండలో ముడి కోసం బొటనవేలితో వెతికేది.

"దొరికింది. కుంకుడుకాయంత ఉంది."

"మెల్లిగా."

"కాయలు ఒలిచేటప్పుడు లేదా ఈ సుకుమారం?"

మా కాపురంలో నాకు బాగా గుర్తున్నది ఆ వేలే.

తర్వాత ఆమెకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు. అయినా కాలేయానికి పాకింది. ఇక ఇంటి దగ్గరే నొప్పి తెలియకుండా చూసుకోమన్నారు.

ఆసుపత్రులకు తిప్పింది ఆమె అన్న, మా బావగారు బంగారరాజు. అల్లవరంలో రొయ్యల చెరువులున్నవాడు. కారు ఆయనది కాబట్టి మాటా ఆయనదే. గడ్డను పిసకొద్దని డాక్టరు ఎప్పుడో అన్నాడు. ఆయన దాన్ని ఒళ్లంతటికీ చట్టం చేశాడు.

"వేడి తగలకూడదు బావా. చెయ్యి వెయ్యకూడదు. నొక్కితే పాకేస్తాది."

ఎడమ వైపు ఒత్తిగిలలేక ఆమె ఎప్పుడూ కుడి వైపే పడుకునేది. కొన్నాళ్లకు కుడి రెక్క కింద నొప్పి మొదలైంది. మెడ తిరగలేదు. జబ్బు వీపులోకి వచ్చేసిందని బావగారు తేల్చేశాడు. మార్ఫిన్ మాత్రలు పెంచారు. ఆమెకు మత్తు పెరిగింది. నొప్పి తగ్గలేదు.

మెలకువ వస్తే ఒకటే అడిగేది. "నన్ను నిద్రపుచ్చకండి. ఉన్నన్నాళ్లూ మాట్లాడుకుందాం. ఆ మూట పెట్టండి."

బావగారు మంచం పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

అమలాపురం నుంచి ఇళ్లకు వచ్చి చూసే నర్సు గాయత్రి ఒక ఉదయం వచ్చింది. రెక్క కింద వేలితో తడిమింది. సత్యవాణి ఉలిక్కిపడింది.

"అక్కడేనమ్మా."

"ఇది జబ్బు నొప్పిలా లేదండి. ఒకే పక్క పడుకుని కండ ముడిపడిపోయింది."

మర్నాడు డాక్టరు వచ్చి చూసి అదే అన్నాడు. ముడిలోకి సన్న సూదితో మందు ఎక్కించాడు. మాత్రలు తగ్గించాడు. కాపడం పెట్టవచ్చా అని అడిగాను.

"గోరువెచ్చగా పెట్టండి. ఆపరేషన్ అయిన వైపు, ఆ చేతి జోలికి వెళ్లకండి. దిండు పెట్టి కాస్త కాస్త ఒత్తిగిలిస్తూ ఉండండి."

"పాకిపోదాండీ?" అన్నాడు బావగారు.

"కండ నొక్కితే పాకదండి."

"రేపేదైనా అయితే?"

"అయ్యేది ఎలాగూ అవుతాది అన్నయ్యా," అంది సత్యవాణి. "నా మెడ నన్ను తిప్పుకోనీ."

మూట నా బుగ్గకు ఆనించి చూసుకున్నాను. ముడి నా వేలికి దొరికింది.

"మెల్లిగా. వేలా, గునపమా?"

"నన్ను నొక్కేటప్పుడు లేదా ఈ జాలి?"

నవ్వింది. మెడ తిప్పి నా వైపు చూసింది. ఆ కొద్ది వారాలూ మెలకువగా ఉంది. కొత్తకాపురంలో పంటు మీద గోదావరి దాటుతుంటే తన చెప్పు నీళ్లలో పడిన సంగతి, రెండోది కూడా నేను విసిరేసిన సంగతి, మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

కార్తీకంలో పోయింది. పెద్దకార్యం నాడు పంక్తిలో అందరూ వింటుండగా బంగారరాజు అన్నాడు. "మూటలు పెట్టి తొందరగా పంపించేసేడు." నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

మొన్న ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

"మెడ పట్టేసింది బావా. మా చెల్లి కట్టే మూట నీకొచ్చు కదా."

ఉప్పు వేయించి ఆయన తువ్వాల్లోనే పోసిచ్చాను.

"ఆ చీర గుడ్డయితే మెత్తగా ఉంటాదేమో."

"ఆయ్. ఉంటాదండి."

గుడ్డ పెట్టెలోనే ఉంది. తియ్యలేదు.

"పోనీ ముడి ఎక్కడుందో కాస్త నొక్కి చూడు."

"నొక్కితే పాకేస్తాదండి బావగారూ. మీరే చెప్పేరు."

మూట పట్టుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూద్దామన్నా మెడ రాలేదు.