పంపరపనస ఒలిచిన చేయి

బయటి తిండి తిన్నాడా అని వెళ్లిన ప్రతిసారీ అడిగారే, ఏ పండు తింటున్నాడని ఒక్కరైనా అడిగారా? తెల్లకోటు పెద్దలారా, ఈ తప్పు తీసుకెళ్లి అక్క నెత్తిన రుద్దకండి. ఇది మీది.

అక్కది పళ్లరసం బండి. తమ్ముడు స్కూలు బస్సు నడుపుతాడు. వాడి కిడ్నీలు రెండూ చేతులెత్తేస్తే తనదొకటి ఇచ్చింది. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ గట్టిగా చెప్పింది, బయటి రసాలు ముట్టనివ్వద్దు, క్రిములుంటాయి అని. బండి మీది రసం సంగతి అక్కకు తెలియనిదా? తమ్ముడి కోసం ఇంట్లో వేరే కత్తి, వేరే గ్లాసు పెట్టింది.

ఏడాది బాగానే నడిచింది. పరీక్షలు మూడు నెలలకోసారి అయ్యాయి. అప్పుడే పంపరపనస కాపుకొచ్చింది. రోజూ పొద్దున్నే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పండు ఒలిచి, పిండి, కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా వేసే మాత్రతో పాటు గ్లాసు అందించేది.

"నా ఒంట్లోకి పంపేశాక కూడా నీ కిడ్నీని మేపడం మానవేంటే అక్కా," అనేవాడు.

"నోర్మూసుకుని తాగరా. అది నా దగ్గర నలభై ఏళ్లు గారాబంగా పెరిగింది."

కొన్నాళ్లకు గ్లాసు పట్టుకున్న వాడి చేయి వణికింది. నీరసమనుకుంది. ఇంకో పండు ఒలిచింది.

పరీక్షకు వెళ్తే రక్తంలో ఆ మాత్ర మందు ఉండాల్సిన దానికి మూడింతలుంది.

"ఏం తాగుతున్నాడమ్మా?" అన్నాడు డాక్టరు.

"బయటిది చుక్క కూడా కాదు సార్. నా చేత్తో ఒలిచిన పంపరపనస."

ఆయన కలం కింద పెట్టేశాడు. ఆ పండు తింటే మందు ఒంట్లోంచి పోదట. పేరుకుపోయి కిడ్నీనే కొడుతుందట. దెబ్బతిన్నదంతా మళ్లీ బాగుపడకపోవచ్చట.

"ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఉంది కదమ్మా, నాలుగో పేజీలో," అంది నర్సమ్మ.

"నోటితో చెప్పింది క్రిముల గురించే కదమ్మా. నేను క్రిముల్నే కడుగుతూ కూర్చున్నాను."

ఇంటికొచ్చి ఆ కత్తి వైపు చూడలేకపోయింది. తను ఇచ్చిన ముక్కను తనే పాడుచేసింది. ఏడుద్దామంటే పక్కనే వాడున్నాడు.

వారం తర్వాత వాణ్ని డయాలిసిస్ మంచం ఎక్కించారు. ఆ రోజు అక్క బండి తియ్యలేదు. ఒక పంపరపనస తెచ్చి, ఆసుపత్రిలో కిడ్నీ మార్చుకున్నవాళ్లకు మందులిచ్చే కిటికీ ముందు పెట్టి, అడ్డంగా నిలబడింది.

"ఈ పండు బొమ్మ గీసి ఆ గోడకు అంటించండి. మాత్రలు చేతికిచ్చే ముందు ఇది చూపించి, ఇది తినకూడదని నోటితో చెప్పండి. నా వెనక వరసలో ఉందే, ఆ అమ్మాయికి ముందు చెప్పండి. ఇప్పుడే చెప్పండి. నేను వింటాను."