గొడుగుల కొట్టుకొచ్చే గబ్బిలాలు

సాయంత్రం అయిదు కొట్టేసరికి గొడుగుల ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని, సూదులపెట్టె దగ్గరికి లాక్కుని, వీధివైపు కిటికీ తలుపులు బార్లా తీసేవాడు. అప్పటిదాకా మనుషుల పని. అయిదు దాటితే గబ్బిలాల పని.

కొట్టంటే వేరే ఎక్కడో లేదు, వాళ్ళింటి ముందుగదే. ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన ఇనప తీగ మీద బాగుచేసిన గొడుగులు ఒక వైపు, చెయ్యాల్సినవి ఒక వైపు వేలాడుతూ ఉంటాయి. పోస్టాఫీసు వెనక నీలగిరి చెట్ల మీద కాపురముండే గబ్బిలాల్లో రెక్క చిరిగినవి కిటికీలోంచి వచ్చి, ఆ చెయ్యాల్సిన గొడుగుల పక్కనే తలకిందులుగా వేలాడేవి. ఎగరగలిగినవి ఎగిరొచ్చేవి. ఎగరలేనివి గోడ పట్టుకుని పాక్కుంటూ వచ్చేవి. పండ్లతోటల మీద కప్పిన వలల్లోనో, ఇనప కంచెల్లోనో ఇరుక్కుని చీరుకుపోయిన రెక్కలు అవి. ముసలాయన వరసలో మొదటిదాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, మైనం రాసిన దారంతో కుట్టేవాడు. చిరుగు మరీ పెద్దదైతే పాత గొడుగు బట్ట అతుకు వేసేవాడు.

ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వరస. అంచేత ఆ ఊళ్ళో పొద్దుగూకే వేళ తలెత్తి చూస్తే, నల్లటి రెక్కల మధ్య ఎర్ర చుక్కలూ, ఆకుపచ్చ గళ్ళూ, పసుప్పచ్చ పువ్వులూ ఎగురుతూ కనిపించేవి. "అదిగో, ఆ గళ్ళది మా నాన్న గొడుగు," అని ఎవరో ఒకరు మేడ మీంచి చూపించేవారు.

వరస తప్పిన గబ్బిలాన్ని ముసలాయన భార్య ఊరుకునేది కాదు. "నీకంటే ముందొచ్చింది అది. వెనక్కి జరుగు," అనేది పేపర్లోంచి తలెత్తకుండానే. అది జరిగేది. కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకసారి పరధ్యానంలో తన గొడుగనుకుని ఒక గబ్బిలాన్ని చంకన పెట్టుకుని గుమ్మం దాటబోయాడు. "మీది ఆ పక్కది బాబూ," అని ఆవిడ మార్చి ఇచ్చి పంపింది.

ఇంట్లో ఈ సందడికి దూరంగా ఉండేది ఒక్క కోడలే.

కోడలు డాక్టరు. చేతులకు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఊళ్ళో పెద్దాసుపత్రిలో తొమ్మిదేళ్ళు చేసింది. తెగిన వేళ్ళు అతికించింది, కాలి ముడుచుకుపోయిన పిడికిళ్ళు విప్పింది. ఎనిమిది నెలల కిందట వడ్రంగం చేసే ఒకావిడ చూపుడువేలు రంపం కింద పడి ఊడివస్తే, ఏడు గంటలు నిలబడి కుట్టింది. ఆరో రోజుకి ఆ వేలు నల్లబడింది. తీసెయ్యక తప్పలేదు. ఇందులో మీ తప్పు ఇసుమంతైనా లేదని ఆసుపత్రివాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. ఆ వడ్రంగం ఆవిడ కూడా, "మీరు చెయ్యగలిగిందంతా చేశారు డాక్టరమ్మా," అనే అంది. ఆ మర్నాడు ఇంకో ఆపరేషన్‌కి సూది చేతిలోకి తీసుకుంటే, చెయ్యి మాట వినలేదు. వేళ్ళు కొయ్యబారిపోయాయి. పక్కనున్న డాక్టరుకి అప్పజెప్పి బయటికి వచ్చేసింది.

అప్పట్నించీ సెలవు మీద సెలవు. ఆమె భర్త బళ్ళో లెక్కల మాస్టారు. "నీకు ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు వెళ్ళు," అని ఒక్కసారి అని, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అతని చొక్కా గుండీ ఊడితే అత్తగారే కుట్టేది. కోడలు వంట చేసేది, మొక్కలకు నీళ్ళు పోసేది, సూది కంటబడితే పక్క గదిలోకి వెళ్ళిపోయేది. ముసలాయన అదంతా చూస్తూనే ఉండేవాడు. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

వానాకాలం మొదట్లో ఆయన చేతులు వణకడం మొదలైంది. ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది కోడలే. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆయన సూది బెజ్జం దగ్గర దారం పట్టుకుని అయిదుసార్లు గురి తప్పాడు. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, సూది ఆయన చేతిలోంచి తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చింది. దారం ఎక్కించడం కుట్టడం కిందికి రాదులే అనుకుంది. మర్నాటి నుంచి అయిదింటికల్లా వచ్చి పది సూదులకు దారం ఎక్కించి, ఆయన మోకాలి పక్కన దిండుకి గుచ్చి వెళ్ళేది.

"ఇది మందులతో తగ్గేదేనా అమ్మాయ్?" అని అడిగాడు ఒకరోజు.

"పెరక్కుండా ఆపొచ్చు మావయ్యా. తగ్గడమంటే..." అని ఆగింది.

"సరేలే," అన్నాడాయన. "వణికే చేత్తో గొడుగు కుట్టొచ్చు. కొంచెం వంకరగా వస్తుంది, వాన ఏమీ అనుకోదు. వీటి సంగతే చూడాలి."

వీటి సంగతి ఆ వారమే తేలిపోయింది. ముప్ఫయ్యేళ్ళలో ఆయన వేసిన కుట్టు విడిపోయి తిరిగొచ్చిన గబ్బిలం ఒక్కటీ లేదు. ఆ వారంలో మూడొచ్చాయి. ఆయన పాత కుట్టు విప్పి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ వంకరగానే వచ్చింది. ఆ రోజు రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. ఆయన కంచం ముందు కూర్చుని అత్తగారు చాలాసేపు కదల్లేదు. ఆవిడ నోరు మూతపడటం కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టాక చూడటం అదే మొదలు.

శుక్రవారం నాడు పెద్ద గబ్బిలం వచ్చింది. గోడ పట్టుకుని పాకుతూ, మధ్యమధ్య ఆగుతూ కిటికీ ఎక్కింది. చాపితే ఒక మనిషి రెండు చేతులంత రెక్కలు. కుడి రెక్క భుజం దగ్గర్నుంచి కొసదాకా చీరుకుపోయి గుడ్డపేలికలా వేలాడుతోంది. రొమ్ముని కరుచుకుని బొటనవేలంత మొహంతో ఒక పిల్ల ఉంది. వరసలో ఉన్న మిగతా గబ్బిలాలు ఎవరూ చెప్పకుండానే జరిగి చోటిచ్చాయి.

ముసలాయన దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. సూది అందుకున్నాడు. సూది మొన రెక్క మీద ఒక చోట నిలబడక అటూ ఇటూ పోతోంది. ఆయన సూది దిండుకి గుచ్చేసి, లోపలికి వినబడేలా, "అమ్మాయ్," అని పిలిచాడు.

కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"పట్టుకోవడానికా మావయ్యా?"

"కాదు. కుట్టడానికి."

అత్తగారు పేపరు మడిచింది.

"నాది వణుకు," అన్నాడాయన. "అది పోదని నువ్వే చెప్పావు. నీది భయం. దాని సంగతి నాకు తెలీదు, నువ్వే చెప్పాలి."

"ఇది కూడా పాడైపోతే?"

"ఇప్పుడేం బాగుందని?"

పిల్ల ఒకసారి కీచుమంది. కోడలు వచ్చి పీట మీద కూర్చుంది. చేతులు కడుక్కోలేదని గుర్తొచ్చి లేచి వెళ్ళి, మోచేతుల దాకా రుద్ది కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది. అత్తగారు దీపం దగ్గరికి జరిపింది. రెక్కని వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే లోపల ఎముకలు స్పష్టంగా కనబడ్డాయి. పొట్టి బొటనవేలు. ఈనెపుల్లల్లా సాగిన నాలుగు వేళ్ళు. కణుపులు, మణికట్టు. ఆ వేళ్ళ సందుల్లో తోలు పరుచుకుని రెక్క అయింది.

"మావయ్యా, ఇది చెయ్యి," అంది.

"మరి ముప్ఫయ్యేళ్ళుగా నేను కుడుతున్నది ఏమిటనుకున్నావు?" అన్నాడాయన.

గొడుగు బట్ట ముక్క పెట్టి చూసింది. భుజం దగ్గర అది బిరుసుగా నిలబడిపోతోంది, పిల్ల వీపుకి ఒరుసుకుంటుంది. మెత్తటిది, గట్టిది, వంద ఉతుకులు ఉతికింది కావాలి. ఆమె లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి తన తెల్లకోటు తెచ్చి ఒళ్ళో పరుచుకుని కత్తెర తీసుకుంది.

"అయ్యో, అది రేపెప్పుడైనా కావద్దూ?" అంది అత్తగారు.

"ఇంకోటి కుట్టించుకోవచ్చు అత్తయ్యా," అంది కోడలు. అన్నాక తను ఏమందో తనకే వినబడి, ఒక్క క్షణం కత్తెర ఆపింది. తర్వాత కోటు వీపు భాగం నిలువునా కోసింది.

మొదటి కుట్టుకి వేళ్ళు బిగుసుకున్నాయి. గబ్బిలం కదల్లేదు, కళ్ళు విప్పార్చి ఆమె మొహంలోకే చూస్తోంది. దాని గుండె ఆమె అరచేతి కింద దడదడా కొట్టుకుంటోంది. రెండో కుట్టు వంకరపోతే విప్పేసింది. ముసలాయన, "ఊఁ," అన్నాడు. మూడోది నిలిచింది. ఆ తర్వాత ఆమె లెక్కపెట్టలేదు. లెక్కల మాస్టారు బడి నుంచి వచ్చి, గుమ్మంలోనే చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోపలికి అడుగు వేస్తే ఎక్కడ చెదిరిపోతుందోనని.

ఆకాశంలో ఇంకా ఎరుపు ఉండగానే అయిపోయింది. పెద్ద గబ్బిలం కిటికీ అంచు ఎక్కి, రెక్క ఒకసారి చాపి, మడిచి, మళ్ళీ చాపింది. పిల్లతో సహా గాల్లోకి దూకింది. ఒక్క జానెడు కిందికి జారి, నిలదొక్కుకుని, ఇళ్ళ కప్పుల మీంచి వెళ్ళిపోయింది. కోడలు దారపు కొస ఇంకా చేతిలో పట్టుకునే ఉంది. ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టి, ఎంతకీ ఆపలేదు.

అక్కడితో అయిపోయిందనుకుంది ఆమె. ఊరు అలా అనుకోలేదు.

కోటు కోసేటప్పుడు ఆమె చూసుకోలేదు గాని, ఆ తెల్లబట్ట మూల ఆసుపత్రి లాండ్రీలో వేసే నీలం ముద్ర ఉంది. శనివారం సాయంత్రం ఊరంతా ఆ తెల్ల రెక్కని చూసింది. ఆదివారం సాయంత్రం, కళ్ళు బాగా ఆనేవాళ్ళు ముద్ర కూడా చదివారు. సోమవారం పొద్దున్నే ఇంట్లో ఫోను మోగింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు.

"ఏమ్మా, నువ్వు డ్యూటీలో చేరావట కదా."

"లేదండీ. ఎవరు చెప్పారు?"

"నీ గది ముందు పదకొండు మంది కూర్చున్నారు. ఆసుపత్రి ముద్ర వేసుకుని నీ కోటు ఊరంతా తిరుగుతుంటే చేరినట్టు కాదా అంటున్నారు. నేనేం చెప్పను వీళ్ళకి?"

"నేనే వచ్చి చెబుతానండీ."

చేరలేదని చెప్పి వచ్చేద్దామని బయల్దేరింది. దారిలో నాలుగుసార్లు అదే వాక్యం మనసులో కూర్చుకుంది. తీరా వెళ్తే, బల్ల మీద మొట్టమొదట బజారు వీధి బేకరీ ఆవిడ కూర్చుని ఉంది. ఇరవయ్యేళ్ళుగా తెల్లారేసరికి ఊరికి రొట్టె అందించే మనిషి. కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

"రొట్టెలు కోసే మిషన్లో పడింది డాక్టరమ్మా, శనివారం మధ్యాన్నం. బొటనవేలు ఉంది గాని నా మాట వినడం లేదు," అంది. "లోపల దాన్ని లాగే తాడు తెగిందట. మీరు సెలవులో ఉన్నారని పెద్ద ఊరికి పొమ్మన్నారు. నిన్న సాయంత్రం సంచీ సర్దుకుని బస్టాండులో నిలబడ్డాం. బస్సు కూడా వచ్చింది. తలెత్తి చూద్దును కదా, పైన మీ కోటు. మా ఆయన్ని, పద ఇంటికి పోదాం అన్నాను."

ఆవిడ భర్త పక్కనే సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. సంచీ ఇంకా విప్పలేదు.

డాక్టరు ఆ కట్టు విప్పి చూసింది. అప్పటికే రెండు రోజులైంది. ఇంకో రెండు రోజులు ప్రయాణాల్లో పోతే తాడు లోపలికి ముడుచుకుపోతుంది, ఆ తర్వాత ఎవరు కుట్టినా లాభం ఉండదు. పెద్ద ఊరికి వెళ్ళమనడం తేలిక. నిన్ననే వెళ్ళి ఉంటే రేపటికైనా అక్కడ ఎవరో ఒకరు కుట్టేసేవారు. తన కోటుని చూసే ఆగారు.

"బొటనవేలితో మీకేం పని ఎక్కువ?" అని అడిగింది, మాట కూడదీసుకోవడానికి.

"పిండి నొక్కి చూడాలి. పొంగిందో లేదో దానికే తెలుస్తుంది. నాక్కూడా అదే చెబుతుంది."

"ఇవాళేమైనా తిన్నారా?"

"ఏమీ తినలేదు. ఆపరేషన్ అంటే తినకూడదు కదా అని."

డాక్టరు నర్సు వైపు తిరిగి థియేటరు సిద్ధం చెయ్యమంది. ఆమె కొలత కోటు దొరక్కపోతే పెద్ద డాక్టరు తన కోటే విప్పి ఇచ్చాడు. చేతులు రెండు మడతలు పెట్టుకుని వేసుకుంది.

మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒక చోట, అచ్చం ఎనిమిది నెలల కిందటిలాగే, వేళ్ళు బిగుసుకుపోవడం తెలిసింది. ఆమె సూది వదల్లేదు. బిగుసుకున్న వేళ్ళతో అలాగే ఆగింది. నర్సులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆమెకి మాత్రం అరచేతి కింద ఒక చిన్న గుండె దడదడలాడినట్టు అనిపించింది. వేళ్ళు వదులయ్యాయి. "ఊఁ," అనుకుని తర్వాతి కుట్టు వేసింది.

ఆ తర్వాత రోజులు పొద్దున్న ఆసుపత్రిలో, సాయంత్రం కొట్టులో గడిచాయి. అయిదింటికి ఆమె పీట మీద కూర్చుంటే, ముసలాయన పక్కన కుర్చీలో కూర్చుని ఏ రెక్కకి ఏ బట్ట నప్పుతుందో ఎంచి ఇచ్చేవాడు. గొడుగులు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే కుట్టేవాడు, వంకరగానే. ఆ వంకర కుట్టు గొడుగులే కావాలని జనం అడిగి మరీ పట్టుకెళ్ళేవారు.

ఆరో వారంలో బేకరీ ఆవిడ కట్టు పూర్తిగా విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి, కొత్తగా పుట్టినట్టుంది. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూస్తోంది.

డాక్టరు తన చూపుడువేలు ఆ బొటనవేలి పక్కన ఉంచింది. "పట్టుకోండి."

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆవిడ నుదుట చెమట పట్టింది. భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు, ఇటు చూసే ధైర్యం లేక. అప్పుడు ఆ బొటనవేలు కొస వంగింది. ఒక్క గింజంత. ఇంకొంచెం వంగింది. వచ్చి డాక్టరు వేలికి ఆనుకుంది. అలవాటైన పిండిని నొక్కినట్టు నొక్కింది. నొక్కి, బేకరీ ఆవిడ కంగారుగా తలెత్తింది.

"నొప్పెట్టిందా డాక్టరమ్మా?"

"పెట్టింది," అంది డాక్టరు. "ఇంకొంచెం గట్టిగా పట్టుకోండి."