ఇటుకలు మోసిన సైకిలు

కాగులో పైకి తేలిన తెట్టును పొడుగు గరిటెతో అంచుకు లాగి, పక్కనున్న తొట్టిలోకి విదిలించాడతను. బూడిదరంగు తెట్టు. అందులో వెంట్రుకలు, సగం ఉడికిన తోలు తునకలు, ఏ పశువుదో ఒక గిట్ట. జిగురు కార్ఖానా అంటే అంతే మరి. బయట బల్లకు కాలు అతికించుకునేవాడికి అది జిగురు. ఇక్కడ కాగు ముందు నిలబడ్డవాడికి, ఛీ అనడానికి నోరు తెరిస్తే నోట్లోకి దూరే కంపు.

కార్ఖానాలో అందరూ అతన్ని ముక్కుగారు అంటారు. మిగతావాళ్లు ఏడాది తిరిగేసరికి అలవాటుపడి, కాగుల పక్కనే డబ్బా విప్పుకుని తినేస్తారు. ఇతను మాత్రం నిమ్మతొక్క మడిచిన గుడ్డ ముక్కుకు కట్టుకుని పనిచేస్తాడు, తిండికి గేటు అవతల గోడ వారకు పోతాడు. మేస్త్రీకి అదొక వేళాకోళం. కంపు తెలియని రోజున నువ్వూ మనవాడివే అవుతావులే అంటుంటాడు. ఆ మేస్త్రీ చిటికెనవేలి గోటితో పళ్లు కుట్టుకుని, అదే గోటితో జిగురు పాకం చూస్తాడు. వాడిని చూస్తే ముక్కుగారికి ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోత ఒక్కటే తనకు మిగిలిన ఆస్తి అని అతని నమ్మకం. అది ఉన్నన్నాళ్లూ తను ఇక్కడివాడు కాడు, దారిన పోతూ కాసేపు ఆగినవాడు.

పోయే దారి కూడా సిద్ధం చేసుకున్నాడు. గేటు పక్కన నిలబెట్టిన ఆ ఉక్కు సైకిలే దారి. పందేల సైకిలది. వంగిన హ్యాండిలు, సన్నటి గొట్టాలు, పాత ఇనుము కొట్లో తుప్పు పట్టి కనిపిస్తే తెచ్చుకుని తోమాడు. దాని మీద సామానంతా వేసుకుని, ఊరూరూ తిరుగుతూ సముద్రం దాకా పోవాలని కోరిక. అయితే పందేనికి పుట్టిన బండికి సామాను మోయడం ఏం తెలుసు? క్యారియర్ బిగిద్దామంటే ఒక్క బెజ్జం లేదు. గొట్టాలకు రబ్బరు చుట్టి ఇనుప పట్టీలతో బిగించాడు. అక్క టార్పాలిన్ గుడ్డతో సంచులు కుట్టిచ్చింది. తగిలిస్తే, తొక్కినప్పుడల్లా మడమ సంచికి కొట్టుకుంది. సంచులు వెనక్కి జరిపితే, పల్లంలో ముందు చక్రం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. బరువులో సగం ముందు చక్రం పక్కలకు మార్చాక గానీ కుదురుకోలేదు.

కాళ్లకు బరువు అలవాటు కావాలని ఆ సంచుల్లో ఇటుకలు వేసుకుని రోజూ పనికి వచ్చేవాడు. పొద్దున ఇటుకలు మోసుకొచ్చి, సాయంత్రం అవే ఇటుకలు ఇంటికి మోసుకుపోయేవాణ్ణి చూసి నవ్వనివాడెవడు? ఎప్పుడు ప్రయాణం అంటే వచ్చే నెల అనేవాడు. ఆ నెల వచ్చేసరికి స్పోకులు వదులయ్యేవి, లేకపోతే క్యారియర్ ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అనేది అక్క. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ మధ్యాహ్నం కాగు పొంగు మీద ఉంది, వదిలి పోవడానికి లేదు. అక్కడే గట్టు మీద చతికిలబడి డబ్బా ఖాళీ చేశాడు. వేళ్లు నాక్కుంటూ చూసుకుంటే ముక్కుకు గుడ్డ లేదు. పొద్దున్నుంచీ లేదు. ఇంటి దగ్గర తీగ మీదే మరిచిపోయి వచ్చాడు. ఎదురుగా అదే తెట్టు, అదే గిట్ట. గాలి పీల్చాడు. ఏమీ లేదు. తొట్టి మీదికి వంగి, ముక్కు తెట్టుకు అంటేంతగా వంగి పీల్చాడు. వేడి తగిలింది, అంతే.

మేస్త్రీ అటుగా పోతూ ఆగి చూశాడు.

"ఇన్నాళ్లకు మనవాడివయ్యావు," అన్నాడు తాపీగా.

కంపుకు ఏనాడూ రాని వాంతి ఆ మాటకు వచ్చింది. గోడ వారకు పరుగెత్తి తిన్నదంతా కక్కాడు. కక్కిన దాని పుల్లటి వాసన మాత్రం బాగానే తెలిసింది. అంటే ముక్కు చెడలేదు. కార్ఖానా కంపు ఒక్కటే దానికి సొంతమైపోయింది. తన ఒంటి మీద తనకే అసహ్యం పుట్టింది.

రోజూ ఇల్లు చేరేసరికి అక్క గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడేది. ముందు స్నానం, తర్వాతే మాటలు అనేది. బావ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఈరోజు అతను పెరట్లోకి పోలేదు. ఆమె ముక్కు మూసుకున్న చేతిని పట్టుకుని కిందికి దించాడు.

"నిజం చెప్పక్కా. నా దగ్గర కంపు వస్తోందా?"

ఆమె చెయ్యి విడిపించుకుని కొంగుకు తుడుచుకుంది.

"లేదురా. నాకెప్పుడో తెలియకుండా పోయింది. మూసుకోకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని మూసుకుంటున్నా."

ఆమె చీర, జుట్టు, ఆ గోడలు, తను పడుకునే దుప్పటి, అన్నిటికీ ఆ కాగు పట్టేసిందని అప్పుడు తెలిసింది. ఛీ, ఏం బతుకు! రోజూ ముక్కు మూసుకున్న ఆ చేతిని తలుచుకుంటే ఏడుపూ వచ్చింది, రోతా వచ్చింది.

సంచుల్లోంచి ఇటుకలు తీసి గోడ వారన పడేశాడు. బట్టలు, గిన్నె, పానాలు, గాలిపంపు, ముందు కొంత వెనక కొంత సర్దాడు. స్పోకులు నొక్కి చూడలేదు. అక్క వెనక సంచి పట్టీ తనే బిగించి, పొద్దు వాలిపోతోందిరా అంది. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోనన్నాడు. ఆమె తల ఊపింది.

"మళ్లీ వస్తావా?"

"ముక్కు బాగుపడ్డాక వస్తా. అప్పుడు ఈ గుమ్మంలో నేను ముక్కు మూసుకుంటా."

"మూసుకో. నేనేం చిన్నబుచ్చుకోను."

సందు చివర పల్లంలో సైకిలు వేగం అందుకుంది. ముందు చక్రం వణకలేదు. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్క చూస్తూ నిలబడింది.

తర్వాత మెట్టు దగ్గర అతను విడిచిన రబ్బరు బూట్లలో ఒకటి ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏమీ తెలియక దాన్ని మళ్లీ జత పక్కనే పెట్టి లోపలికి పోయింది. ఆ బూట్ల మీద ఈగలు ముసురుతూనే ఉన్నాయి.