పటం కట్టిన మార్కులు

ఎనభై తొమ్మిదిలో మా అక్క కూతురు విజయమ్మ ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైంది. రేపల్లెలో మా రెండు కుటుంబాల్లోనూ అంతకుముందు పదో తరగతి గట్టెక్కినవాడే లేడు. నేనైతే ఆరులోనే బడి మానేసి సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నాను. అయినా కాగితాల పనులకు నన్నే తిప్పుతారు. పని చెడితే తిట్టడానికి చదువురానివాడొకడు ఉండాలిగా!

మార్కులు రాకముందే పిల్ల బాపట్లలో డిగ్రీకి అప్లికేషన్ పెట్టింది. మార్కుల లిస్టు అసలుది తెచ్చి చూపిస్తేనే సీటన్నారు. సోమవారం ఆఖరు రోజు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, లిస్టు ఎక్కడని మా బావ అంద్రెయను అడిగాను. గోడకేసి చూపించాడు. యేసుప్రభువు పటం పక్కన, బంగారు రంగు చట్రంలో, అద్దం వెనక మార్కుల లిస్టు!

"తెనాల్లో కట్టించానురా బాలస్వామీ. ఎలా ఉంది?"

"బ్రహ్మాండం బావా. పూలదండొకటే తక్కువ."

మర్నాడు ముగ్గురం పటం పట్టుకుని రైలెక్కాం. ఎదురు బల్లమీద ముసలమ్మ జాలిగా చూసి, "ఎవరు నాయనా పోయింది?" అంది.

"ఇంకా ఎవరూ పోలేదమ్మా. సాయంత్రానికి మా బావ పోతాడు," అన్నాను.

తెనాలిలో దిగి, లిస్టు ఊడదీయమని పటాల కొట్టు వీరాస్వామిని అడిగాం.

"రాదండి. మైదా జిగురుతో అట్టకి అంటించేశా. లాగితే ముక్కలే చేతికొస్తాయి."

"అంటించమని ఎవడు చెప్పాడయ్యా?"

"మీ బావగారేనండి. వందేళ్లు ఉండాలన్నారు."

బావ చెప్పులకేసి చూసుకున్నాడు. విజయమ్మ మాత్రం పటం చంకన పెట్టుకుని మళ్లీ స్టేషన్ దారి పట్టింది.

బాపట్ల కాలేజీలో గుమస్తా చలపతిరావు పటాన్ని ఫైల్లో దూర్చి చూశాడు. ఫైలు అట్ట మూతపడలేదు.

"ఇదేంటమ్మా? కాగితం తెమ్మంటే గోడ తెచ్చారు! ఇది ఫైల్లో పట్టదు. ఇవాళ కాగితం ఇవ్వకపోతే నీ సీటు తర్వాతివాళ్లకి పోతుంది."

పిల్ల పటాన్ని ఆయన వైపు తిప్పి నిలబెట్టింది.

"సార్, అద్దంలోంచి మార్కులు కనపడుతున్నాయాండి?"

"కనపడుతున్నాయి."

"బోర్డు ముద్ర?"

"అదీ ఉంది."

"కాగితం అసలుదేనాండి?"

"అసలుదే."

"మరి తక్కువేంటండి?"

చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తక్కువేం లేదమ్మా. చట్రమే ఎక్కువ."

పటం తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాడు. బావ నా భుజం పట్టుకుని ప్రార్థన మొదలెట్టాడు. లోపలినుంచి పెద్ద నవ్వు వినపడింది. చలపతిరావు తిరిగొచ్చి, అద్దంలోకి వంగి మార్కులు రిజిస్టర్లో ఎక్కించుకుని, పిల్ల చేతిలో సీటు చీటీ పెట్టాడు. పటాన్ని బీరువా మీద నిలబెట్టాడు.

అక్కడితో వచ్చేయొచ్చుగా! బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏవండీ, అక్కడ దుమ్ము పడుతుందేమోనండి. ఆ గోడకి మేకు ఖాళీగానే ఉంది కదండీ..."

గుమస్తా మళ్లీ కళ్లజోడు తీసేలోపే బావని చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చాను.