సూరిబాబు మావయ్య దోనె పోయిందట

మా కొల్లేటి లంకలో ఏది పోయినా దొంగని పట్టుకోవడానికి పెద్దలకి ఒకటే పద్ధతి. ఎవడు క్రాపు దువ్వుకుని తిరుగుతున్నాడో చూసేవారు. కోడి పోయినా, వల పోయినా, పాపాయమ్మ గారి పచ్చడి జాడీ పోయినా, నేరమంతా ఆ క్రాపు మీదికే. ఊళ్ళో అందరికంటే ఒత్తైన క్రాపు మా అన్న చిట్టిబాబుది. ఇంకేం చెప్పను?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు వేసవిలో మా కులపెద్ద సూరిబాబు మావయ్య దోనె పోయింది. తాడేపల్లిగూడెంలో కూతురింటికి వెళ్ళి పదిరోజులుండి వచ్చేసరికి రేవులో దోనె లేదు. అక్కడికక్కడే తేల్చేసి, స్టేషన్లో అన్న పేరు చెప్పేశాడు. పోలీసులు వచ్చి అన్నని పట్టుకుపోయారు. వాణ్ణి పిలిచి ఒక్క మాట అడిగిన పెద్దమనిషి లేడు.

ఆ దోనె ఎక్కడుందో ఊళ్ళో ఈత వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. తాటిమానుతో తొలిచిన దోనె ఎండకి పగులుతుందని, వాడని రోజుల్లో దాన్లో బురద నింపి నీళ్ళలో ముంచేస్తాం. మావయ్య ఎప్పుడూ ముంచే చోట ఆ ఏడు నీళ్ళు ఇంకిపోయాయి. అందుకని ప్రయాణం ముందు సాయంత్రం కల్లు బాగా పట్టించి, అవతల తామరతూళ్ళ మధ్య ముంచాడు. పొద్దున్న మత్తు దిగింది, దాంతో పాటు ఆ సంగతీ దిగిపోయింది. తామరదుంపల కోసం దిగితే ఆ దోనె తగిలి నా బొటనవేలి గోరు లేచిపోయింది.

అమ్మకి చెప్పాను. పెద్దల గొడవ నీకెందుకే, నోరుమూసుకో అంది. పిల్లలు వెళ్ళి మావయ్యకే చెప్పబోతే తెడ్డు పుచ్చుకుని తరిమాడు. స్టేషన్లో అన్న కూడా అదే చెప్పాడట, నీళ్ళ కింద వెతకండి బాబూ అని. ముంచింది నువ్వు కాకపోతే నీకెలా తెలుసురా అని ఇంకో నాలుగు తగిలించారట. ఆహా, ఏం తెలివి! తెలీదంటే బుకాయింపు, తెలుసంటే నేరం.

మూడో రోజు ఎస్సై గారు అన్నకి బేడీలు వేసి ఊళ్ళోకి తెచ్చారు. ఊరికో రక్షణ కమిటీ వెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చిందట. ఆ మీటింగు ముగించుకుని అటునుంచి అటే అన్నని ఏలూరు కోర్టుకి పట్టుకెళ్తారు. వెళ్ళాడంటే జైలే. నాన్న పోయాక మా ఇంటికి ఆధారం వాడొక్కడే. చెంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నాకు చేతకాదు. రేవు దగ్గర మీటింగుకి వెళ్ళాను.

కమిటీలో ఐదుగురు. వాళ్ళ వయసులు కలిపితే మూడు వందల యాభై, పళ్ళు కలిపితే పాతిక. అందులో ఇద్దరికి రేచీకటి. ఊరికి కాపలా వీళ్ళట! కుర్రాళ్ళు గట్టు మీద నిలబడాలి, ఆడాళ్ళు దడి వెనక ఉండాలి. నేను దడి దాటి వచ్చాను. మావయ్య కళ్ళెర్రజేశాడు. దోనె ఎక్కడుందో చెబితే అన్న పక్కన నన్నూ నిలబెడతారు. అందుకని ఎస్సై గారికి దండం పెట్టి ఒక్కటే అడిగాను.

"ప్రయాణం ముందు సాయంత్రం మావయ్య నడుందాకా బురదతో ఎందుకొచ్చాడో గంగమ్మత్తని అడగండి."

గంగమ్మత్త మావయ్య పెళ్ళాం. ఆ పంచె మూడుసార్లు బండకి బాదినా మరక వదల్లేదని, దోనె ముంచొచ్చానంటూ కూడు కూడా తినకుండా పడిపోయాడని దడి వెనకనుంచే ఏకరువు పెట్టింది. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమని ఎస్సై గారు కసిరారు.

"నన్నెవరడిగారండీ," అంది అత్త.

ఎస్సై గారు పిల్లల వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచేలోపే ఆరుగురు నీళ్ళలోకి దూకారు. బురద తోడేసరికి దోనె పైకి తేలింది, దాంతో పాటు మావయ్య కల్లుముంత కూడా తేలింది. గట్టు మీద కుర్రాళ్ళు ఈలలేశారు. మావయ్య తలొంచుకుని, మర్చిపోయానండీ అని గొణిగాడు. మర్చిపోయాడట! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇకమీదట ఎవరి పేరైనా స్టేషనుకి చెప్పేముందు వాణ్ణి పిలిచి అడగాలండీ. ఆ అడిగే చోట మా ఈడు వాళ్ళు ఒకరు కూర్చోవాలి," అన్నాను.

ఎస్సై గారు టోపీ సర్దుకుని, సరేనన్నారు. అన్నకి బేడీలు తీయించి, కమిటీ కాగితం మీద ఆరో పేరుగా చిట్టిబాబు అని రాసి, సంతకం పెట్టమన్నారు. పెద్దలు ఐదుగురూ వేసింది వేలిముద్రలే. మా అన్న కైకలూరులో ఎనిమిదో తరగతి దాకా చదివాడు, వాడి దస్తూరి చూసి మేష్టర్లు ముచ్చటపడేవారు.

కలం పట్టుకోబోతే జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. కుడిచెయ్యి మణికట్టు దాకా వాచిపోయి ఉంది, వేళ్ళు వంగడం లేదు. అన్న నవ్వబోయాడు. ఎస్సై గారు కొల్లేటి వైపు చూస్తూ నిలబడ్డారు.

కలం నేను తీసుకున్నాను. వాడి పేరు కొట్టేసి, నాకొచ్చిన ఐదో తరగతి అక్షరాలతో ముత్యాలమ్మ అని నా పేరు రాశాను. పెద్దల్లో ఒక్కరూ కాదనలేదు. ఒక్కరూ మా అన్న చేతి వైపు చూడనూ లేదు.